అద్దె గదిలో ఆతిథ్యం

ఆతిథ్యం గురించి పూర్వులు చెప్పిన మాటలు దాదాపు అన్నీ సొంత గడప ఉన్నవాడిని ఉద్దేశించి చెప్పినవే. చదువు ముగించి గురువు ఇల్లు విడిచే శిష్యుడికి అతిథిని దైవంగా భావించమని తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి బోధించినప్పుడూ, దేవతలకూ ఋషులకూ పితరులకూ భూతకోటికీ తోటి మనిషికీ గృహస్థు నిత్యం తీర్చవలసిన ఐదు విధులను పంచ మహాయజ్ఞాలని పేర్కొని వాటిలో అతిథి పూజను మనుష్య యజ్ఞంగా ధర్మశాస్త్రాలు లెక్కగట్టినప్పుడూ, పెట్టేవాడికి ఇల్లూ పొయ్యీ నాలుగు గింజలూ ఉన్నాయన్న నమ్మకం ఆ మాటల వెనుక ఉంది. భాగవతంలోని రంతిదేవుడు నలభై ఎనిమిది రోజుల పస్తు తరవాత దొరికిన అన్నాన్నీ, చివరికి మంచినీళ్లనూ వచ్చినవారికి ధారపోసినప్పుడు కూడా ఇచ్చింది తనదే. ఆయనతో పాటు ఆలుబిడ్డలూ ఆకలితో ఉన్నారని కథే చెబుతుంది గాని, వారి సమ్మతి మాట ఎత్తదు. ఇల్లు అద్దెదీ ఊరు పరాయిదీ అయి, పొయ్యి మరొకరితో పంచుకున్నది అయినప్పుడు ఆతిథ్యం ఏమవుతుంది, ఇచ్చేది ఎవరిది, దాని భారం ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్నకు ఆ గ్రంథాలలో సూటి సమాధానం దొరకదు. ఆ సమాధానం వెతకడానికి సూరత్ నగరంలోని అమ్రోలి వంటి చోటు ఎక్కువగా ఉపయోగపడుతుంది.

అమ్రోలి తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున, కతార్‌గామ్‌కు ఎదురుగా, కోసాడ్, ఉత్రాణ్, ఛాప్రాభాఠా ప్రాంతాలను ఆనుకుని ఉంది. ఒకప్పటి ఈ పల్లె ఇప్పుడు నగరపాలక సంస్థ పరిధిలో ఒక పేట. అంజనీ పారిశ్రామిక వాడలో మరమగ్గాల షెడ్లు వరుసగా నిలబడి పాలిస్టరు వంటి కృత్రిమ దారాలతో చీరల గుడ్డ నేస్తుంటాయి. సిరిసిల్ల నేతగాళ్లు సాంచె అని పిలుచుకునే మరమగ్గాలే ఇవి. ఇక్కడ పనిచేసేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లా నుండి వచ్చినవారి సంఖ్య చాలా పెద్దది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న గంజాంలో, ముఖ్యంగా బరంపురం చుట్టుపక్కల, తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి కనుక, అక్కడి నుండి సూరత్‌కు సాగే వలసలో ఒడియాతో పాటు తెలుగూ వినిపించడంలో వింత లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు చేమగ్గం చితికిపోయిన కొద్దీ షోలాపూర్‌కూ భివండీకీ సూరత్‌కూ తరలివెళ్లారు. వారిలో సూరత్ చేరినవారు ఎక్కువగా నదికి దక్షిణాన, లింబాయత్ వైపు స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు తెలుగులోనూ ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటే ఆ వలస ఎంత పాతదో, ఎంత బరువైనదో తెలుస్తుంది. లింబాయత్‌లో తెలుగువాడు తెలుగువారి మధ్య ఉంటాడు. అమ్రోలిలో అతడు ఒడియా పొరుగుకూ గుజరాతీ సేఠ్‌కూ, అంటే షెడ్డు యజమానికీ, నడుమ ఉంటాడు. అందుకే పరాయితనం అక్కడ మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

మరమగ్గాల పని సాధారణంగా పన్నెండేసి గంటల రెండు షిఫ్టులుగా, ఉదయం ఏడు నుండి రాత్రి ఏడు దాకా, రాత్రి ఏడు నుండి ఉదయం ఏడు దాకా సాగుతుంది. కుటుంబాలను ఊళ్లో వదిలి వచ్చిన మగవాళ్లు మెస్‌లు అని పిలిచే పెద్ద గదుల్లో పదుల సంఖ్యలో ఉంటారు. అక్కడ బస, తిండి కలిపి నెలకు ఇంత అని కడతారు. పగటి షిఫ్టువాడు లేచి వెళ్లిన చోటే రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకుంటాడు కనుక ఒకే పడక ఇద్దరిదీ అవుతుంది, నిజానికి ఎవరిదీ కాదు. కుటుంబంతో ఉన్నవాడు ఖోలీ తీసుకుంటాడు. ఖోలీ అంటే వంటకూ పడకకూ పిల్లల చదువుకూ కలిపి ఉన్న ఒకే ఒక్క గది. ఇటువంటి చోటికి ఊరి నుండి చుట్టమో చిన్ననాటి స్నేహితుడో వచ్చాడంటే అతడు ఎక్కడ పడుకుంటాడన్నది మర్యాదకు సంబంధించిన ప్రశ్న కాదు, లెక్కకు సంబంధించిన ప్రశ్న. ఆ వారం రాత్రి షిఫ్టుకు వెళ్లేవాడెవడో చూసి, అతడి చోటు అడిగి, అక్కడ చాప పరుస్తారు. చోటు సొంతదారు షెడ్డు నుండి తిరిగి వచ్చేసరికి, చెవుల్లో ఇంకా మగ్గాల హోరు తగ్గకముందే, ఆ పడక ఖాళీ కావాలి. ఊళ్లో చుట్టం ఆలస్యంగా లేవడం పెట్టేవారికి గౌరవం; ఇక్కడ చుట్టం ఏడింటికి ముందే లేచి ముఖం కడుక్కోవడం మర్యాద. వచ్చినవాడికి ఈ నియమాన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పరు, మొదటి ఉదయమే అతడికి అర్థమైపోతుంది. ఇంటాయన గట్టిగా అరిచినట్టు మాట్లాడుతున్నాడేమిటని కొత్తలో అనుమానం కలగవచ్చు. ఏళ్ల తరబడి మగ్గాల మధ్య పనిచేసినవారికి వినికిడి మందగిస్తుందనీ, ఆ గొంతులో ఉన్నది కోపం కాదనీ గ్రహించడానికి ఒక పూట పడుతుంది.

ఈ దృశ్యాన్ని చూసి జాలిపడి ఊరుకోవడం తేలిక. కాని ఆతిథ్యం ఇక్కడ వలసవాడికి చేసే ఒక ఉపకారం ఉంది, దానిని గమనించకపోతే జరుగుతున్నదేమిటో సగమే అర్థమవుతుంది. పదేళ్లు ఉన్నా పని, గది, కిరాణా కొట్టు తప్ప ఊరితో వేరే సంబంధం పెట్టుకోనివాడు చుట్టం వచ్చిన రోజున ఆ ఊరికి మార్గదర్శి అవుతాడు. డుమస్ సముద్రతీరం చూపిస్తాడు. రింగ్ రోడ్డు బట్టల బజారులో ఏ అంతస్తులో చీరలు చవకో, ఎంత చెబితే ఎంతకు అడగాలో తెలిసినవాడిలా నడుస్తాడు. ఉదయం శనగపప్పు పిండితో ఆవిరి మీద ఉడికించి, నూనె, మసాలా చల్లి ఇచ్చే లోచో తినిపిస్తాడు. శరత్పూర్ణిమ మరునాడు వచ్చే చాందనీ పడవో వేళకు చుట్టం వస్తే, నేతిలో ముంచి తీసిన ఘారీ మిఠాయి కొనిస్తాడు. అప్పుడు అతడి నోట ‘మా దగ్గర’ అన్న మాట మొదటిసారి సూరత్‌ను ఉద్దేశించి వస్తుంది. సేఠ్ అతడిని పనివాడిగా, ఇంటి యజమాని కిరాయిదారుగా, ప్రభుత్వం ఇతర రాష్ట్రపు కార్మికుడిగా చూస్తుంది. అతడిని ఆ ఊరి మనిషిగా చూసేది ఊరి నుండి వచ్చినవాడు ఒక్కడే. అతిథికి ఇల్లు కావాలన్నది పాత శాస్త్రం. ఇంటివాడు కావడానికి వలసవాడికి అతిథి కావాలన్నది అమ్రోలి చూపించే సంగతి, ఇది మొదటిదానికంటే తక్కువ లోతైనదేమీ కాదు.

అయితే ఈ హోదాకు హద్దులున్నాయి. తెలంగాణ పల్లెలో బావకో వియ్యంకుడికో చేసే దావత్‌లో కల్లూ మాంసమూ లేకపోతే దానిని దావత్ అనరు. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుండీ, అంతకుముందరి బొంబాయి రాష్ట్రపు 1949 నాటి చట్టం కొనసాగింపుగా, మద్యనిషేధం అమలులో ఉంది. మాంసం వండేవారికి గది అద్దెకివ్వని యజమానులూ ఆ నగరంలో తక్కువేమీ లేరు. కాబట్టి కొన్ని ఇళ్లలో చుట్టానికి పప్పూ కూరగాయలతోనే విందు జరుగుతుంది, లోపం తనదైనట్టు ఇంటాయన నొచ్చుకుంటాడు. చట్టం చేసిన లోటుకు కూడా సంజాయిషీ చెప్పుకోవలసి రావడం పరాయి ఊళ్లో ఆతిథ్యానికి ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది.

ఖర్చు సంగతి ఇంకా చిక్కైనది. మరమగ్గం మీద కూలి నేసిన మీటర్ల లెక్కన వస్తుంది కనుక చుట్టం కోసం మానుకున్న రోజు పూర్తిగా పోయిన రోజే. పైగా మగ్గం ఆగకుండా తన బదులు ఒక బద్లీని, అంటే ఆ పూటకు నిలబడే మనిషిని, వెతికిపెట్టి వెళ్లాలి. ఇంటి ఇల్లాలు సాధారణంగా ఇంట్లోనే దారపు పని, చీరలకు రాళ్లు అతికే పని, కత్తిరింపు పని వంటివేవో చేస్తూ ఉంటుంది. ఇద్దరికి వండే పొయ్యి మీద ఐదుగురికి వండవలసి వచ్చినప్పుడు ఆ పని మూలన పడుతుంది, ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. గ్యాసు బండ ముందుగా ఖాళీ అవుతుంది. పొరుగు ఒడియా ఇంటి నుండి గ్లాసులూ దుప్పటీ వస్తాయి, రాత్రి షిఫ్టువాడి పడక వస్తుంది, కొట్టువాడి దగ్గర బాకీ పెరుగుతుంది. చుట్టం కంటికి పెట్టినవాడు ఒక్కడే కనిపిస్తాడు. నిజానికి ఆ విస్తరిని పట్టుకున్న చేతులు ఆరో ఏడో ఉంటాయి. రంతిదేవుడి కథ అడగని ప్రశ్న ఇక్కడ అడగకుండా ఉండడం కుదరదు: ఇతరుల వస్తువులతో, ఇతరుల ఓపికతో చేసే సత్కారంలో పుణ్యం ఎవరిది?

ఆతిథ్యానికి మన సాహిత్యంలో అందరికీ గుర్తుకు వచ్చే కథ కూడా గుజరాత్ గడ్డ మీద జరిగినదే. కుచేలుడు అటుకుల మూట కట్టుకుని వెళ్లింది ద్వారకకు. పోతన భాగవతం ద్వారా ఆ కథ తెలుగువారికి ఇంటి కథ అయింది. ఆ పేద బ్రాహ్మణుడిని సుదాముడని పిలుచుకునే గుజరాతీలు పోర్‌బందర్‌లో అతడికి గుడి కట్టుకున్నారు. ఆ కథను మైత్రికీ భక్తికీ ఉదాహరణగానే చెప్పుకుంటారు గాని, ద్వారకలో స్నేహితుడి కాళ్లు కడిగినవాడు ఆ ఊరివాడు కాడన్న సంగతి ఎవరూ అంతగా తలవరు. జరాసంధుడి దాడులకు మథుర విడిచి, సముద్రపు ఒడ్డున కొత్త ఊరు కట్టుకుని వచ్చిన వలసవాడు కృష్ణుడు. పాత రోజుల్లో గురువు దగ్గర కలిసి చదువుకున్నవాడు వచ్చేసరికి ఆయన అంతగా పొంగిపోవడంలో, భక్తి వ్యాఖ్యానాలను పక్కన పెట్టి చూస్తే, పరాయి ఊళ్లో స్థిరపడిన ఎవడిలోనైనా కనిపించే ఆత్రం ఉంది. రెండో పిడికెడు అటుకులు నోట వేసుకోబోతుండగా రుక్మిణి ఆ చేయి పట్టుకుని ఆపుతుంది. మొదటి పిడికెడుకే సకల సంపదలూ ఇచ్చేసినట్టయిందని పండితులు దానికి అర్థం చెబుతారు. ఇంటి ఖర్చు తెలిసిన ఇల్లాలు సరైన సమయంలో చేయి పట్టుకుందని అమ్రోలి ఇల్లాలు అర్థం చెప్పుకుంటే అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అటుకుల స్థానంలో ఇప్పుడు సకినాలూ మామిడికాయ తొక్కూ వస్తాయి, అవి ఊరి నుండి రైల్లో ఒక రాత్రీ పగలూ ప్రయాణం చేసి నూనె మరకలతో చేరుతాయి. ఆ మూటను గదిలో ఒక్కరే తినరు. పడక ఇచ్చినవాడికీ దుప్పటి ఇచ్చినవారికీ అందులో వాటా వెళుతుంది.

వచ్చే స్నేహితులందరూ చూసిపోవడానికే రారు. కొందరు నాలుగు రోజులని వచ్చి పని వెతుక్కుంటారు, కొందరు ఆ సంగతి వచ్చాక గాని బయటపెట్టరు. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ఒక సామెత ఉంది. అతిథిని రెండు రోజులు అతిథిగా చూసి మూడో రోజు చేతికి పార ఇవ్వమని దాని సారాంశం. టాంగన్యికా నాయకుడు జూలియస్ న్యెరేరే 1962లో ఉజమా గురించి, అంటే ఉమ్మడి కుటుంబపు కట్టుబాట్ల మీద సమాజాన్ని నిర్మించాలన్న తన ఆలోచన గురించి రాసిన వ్యాసంలో ఈ సామెతను ప్రస్తావించి, పాత ఆఫ్రికా సమాజంలో పనిచేయకుండా తినే హక్కు ఎవరికీ లేదనడానికి దానిని సాక్ష్యంగా చూపించాడు. అమ్రోలిలో ఆ పని దానంతట అదే జరిగిపోతుంది. మూడో రోజుకు వచ్చినవాడు ఇంటాయన వెంట షెడ్డుకు వెళతాడు, తెగిన పోగు ముడివేయడం, అయిపోయిన కండె మార్చడం చూస్తూ నేర్చుకుంటాడు, సేఠ్‌కు పరిచయమవుతాడు. సూరత్‌కు పనివాళ్లు ఎక్కువగా చేరేది నియామక ప్రకటనలతో కాదు, ఒకరి గదిలో మరొకరు దిగడంతోనే. కార్మికుడి వేతనంలో నుండి, అతడి ఇల్లాలి శ్రమలో నుండి ఖర్చుపెట్టిన ఆతిథ్యం పరిశ్రమకు ఉచితంగా పనివాడిని తయారుచేసి ఇస్తుంది. దక్షిణ గుజరాత్ కూలీల జీవితాన్ని దశాబ్దాల పాటు పరిశీలించిన డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1996లో వెలువరించిన తన గ్రంథంలో వీరిని కాలు నిలవని శ్రామికులుగా వర్ణించాడు. ఆ కాలు మొదటిసారి మోపేది బంధువు చాప మీదనే అన్నది ఆ వర్ణనకు చేర్చుకోదగిన మాట.

ఇక్కడ ఆఫ్రికా ప్రస్తావన వచ్చింది కనుక మరో రకపు పరాయి గృహస్థును పోల్చి చూడవచ్చు. 1958లో బ్రిటన్‌లో ప్రారంభమైన విదేశీ స్వచ్ఛంద సేవ, 1961లో అమెరికా ప్రారంభించి ఆ ఏడాదే ఘనాకు తొలి బృందాన్ని పంపిన పీస్ కోర్, ఆ తరవాత వచ్చిన అనేక సంస్థలు చదువుకున్న యువకులను ఆఫ్రికా పల్లెలకు ఏడాదికో రెండేళ్లకో పంపుతూ వచ్చాయి. అటువంటి పల్లెలో ఉన్న వాలంటీరును చూడడానికి స్వదేశం నుండి స్నేహితులు వచ్చినప్పుడు అతడు తానే ఆతిథ్యం ఇస్తున్నాననుకుంటాడు. కాని బావి నుండి నీళ్లు తెచ్చేదీ, కోడిని కోసేదీ, ఉన్న ఒక్క కుర్చీని పంపేదీ ఊరివాళ్లు. నైజీరియా ఇగ్బో ప్రాంతమైతే కోలా గింజను విరిచి పంచి స్వాగతం చెప్పే పెద్దమనిషి కూడా ఊరివాడే. ఆ వచ్చినవారు వాలంటీరు అతిథులు కారు, వాలంటీరుతో సహా అందరూ ఊరి అతిథులే. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలు కలిస్తేనే కానుక పూర్తవుతుందని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో ప్రతిపాదించాడు. వాలంటీరు రెండో బాధ్యత దాకా బాగానే చేరుకుంటాడు, మూడోదానికి సమయం రాకముందే గడువు ముగిసి విమానం ఎక్కుతాడు. మనసు మంచిదే అయినా అతడి సత్కారంలో కొంత ఎగవేత ఉందని అనక తప్పదు. అమ్రోలి నేతగాడు అంత ఉదారుడు కాకపోవచ్చు, లోలోపల విసుక్కోనూవచ్చు. కాని అతడు అక్కడే ఉంటాడు, పుచ్చుకున్న పడకను తిరిగి ఇస్తాడు. ఆతిథ్యాన్ని మనసుతో కాక బాకీతో కొలిస్తే అతడే నిజాయితీపరుడు.

పరాయి నేల మీద మనిషికి ఉండవలసిన హక్కు గురించి జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతిపై రాసిన చిన్న గ్రంథంలో ఒక తేడా చూపించాడు: ఏ మనిషికైనా మరో నేల మీదికి వెళ్లి శత్రువుగా చూడబడకుండా ఉండే హక్కు ఉంది, అది సందర్శకుడి హక్కు, ఇంట్లో ఉంచుకుని పోషించమని అడిగే అతిథి హక్కు మాత్రం ప్రత్యేకమైన ఒప్పందం లేనిదే లేదు. ఈ పరిమితి ఎందుకంటే, వర్తకులుగా వచ్చి సైన్యాలు దించిన ఐరోపావారు ఆయన కళ్లముందు ఉన్నారు, హిందుస్థాన్ పేరు కూడా ఆయన ఎత్తాడు. సూరత్ ఆ చరిత్రకు నిలువెత్తు సాక్ష్యం. 1611లో మచిలీపట్నంలోనూ, ఒకటి రెండేళ్లలోనే సూరత్‌లోనూ ఇంగ్లీషు కంపెనీ వర్తకశాలలు, అంటే గిడ్డంగీ కార్యాలయమూ ఉద్యోగుల బసా కలిసిన కట్టడాలు, తెరిచింది. 1759లో సూరత్ కోటనూ, 1800లో నగర పరిపాలననూ చేతిలోకి తీసుకుంది. తెలుగు తీరమూ గుజరాత్ తీరమూ చోటిచ్చిన అతిథి ఒక్కడే, ఇల్లు పోగొట్టుకున్న తీరూ ఒక్కటే. అదే నగరానికి తరవాత వచ్చిన నేతగాళ్లు దాని సంపదను పెంచారు గాని దానిలో చోటు సంపాదించలేకపోయారు. దేశంలో ఎక్కడికైనా వెళ్లే, ఎక్కడైనా స్థిరపడే స్వేచ్ఛను రాజ్యాంగం పంతొమ్మిదో అధికరణంలో ఇచ్చింది. కాంట్ కోరినదానికంటే అది పెద్ద హక్కు. అయినా 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది నగరం విడిచినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ మధ్య కూలి కోసం, ఊరికి రైలు కోసం కార్మికులు సూరత్ వీధుల్లోకి వచ్చినప్పుడూ, వారు తమను తాము సందర్శకులుగానే లెక్కవేసుకున్నారని తేలిపోయింది.

మరోవైపు సొంత ఊళ్లోనూ వీరి స్థానం మారుతూ ఉంటుంది. బతుకమ్మకో సంక్రాంతికో ఊరికి వెళ్లిన నేతగాడికి కన్నతల్లే పీట వేసి, ప్రత్యేకంగా వండి, నాలుగు రోజులుండి పోయేవాడికి చేసినట్టు చేస్తుంది. కలిసినవారంతా ఎప్పుడొచ్చావని అడిగిన వెంటనే ఎప్పుడు పోతావని అడుగుతారు. అతడి బంధువు సూరత్ వచ్చి వెళ్లాక ఊళ్లో చెప్పిన మాటల మీదనే అక్కడ అతడి పరువు ఆధారపడి ఉంటుంది. గది ఇరుకని చెబుతారో, బజారు చూపించాడని చెబుతారో, పిల్లను ఇవ్వదగిన ఇల్లని చెబుతారో తెలియదు. అందుకే చుట్టం ముందు కొన్ని కనిపిస్తాయి, కొన్ని దాగుతాయి. కొట్టు బాకీ దాగుతుంది, సేఠ్ మాటల కటువు దాగుతుంది, చెవి వినబడకపోవడం దాచాలన్నా దాగదు. దీనిని డాంబికమని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు నిద్రపోవడానికి ఆ దాపరికం కొంత అవసరం, వచ్చినవాడికీ చాలావరకు ఆ సంగతి తెలుసు. తెలిసీ అడగకపోవడం అతిథి తన వంతుగా చేసే సత్కారం.

చుట్టాన్ని సూరత్ స్టేషన్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చిన తరవాత ఇంటాయనకు మిగిలేది అప్పుల చిట్టా. గ్లాసులూ దుప్పటీ వెనక్కి వెళతాయి, బద్లీగా నిలబడినవాడికి ఒక పూట బదులు నిలబడాలి, పడక ఇచ్చిన ఒడియా సహచరుడి తమ్ముడు బరంపురం నుండి వస్తున్నాడని అప్పటికే కబురు అందుతుంది. ఆ తమ్ముడు వచ్చే వారం తెలుగువాడిది ఏ షిఫ్టో, ఏ పూట ఎవరి చాప ఖాళీగా ఉంటుందో చూసి, ఇంట్లో మిగిలిన సకినాల్లో కొన్ని అతడి కోసం డబ్బాలో తీసి పెడతారు.